మిర్చి కొట్టు మీద మూడంతస్తులు

ఆ ఉదయం అక్కడున్నది ముగ్గురం: మా బాబాయి, మేస్త్రి, నేను. సామాను: రెండు సమ్మెటలు, నాలుగు ఉలులు, శ్లాబుకు ఆనించిన ఇనుప జాకీలు, ఊచల మందం కొలిచే వెర్నియర్, ఒక సుద్దముక్క. తల మీద ఖాళీ చేసిన మూడంతస్తుల ఆఫీసులు. చుట్టూ పన్నెండు స్తంభాలు. వాటి మీద నేనే సుద్దతో వరసగా అంకెలు వేశాను.

షరతు ముందే ఒప్పుకున్నాం. ప్రతి స్తంభం మొదట్లో పెచ్చు కొట్టి లోపలి ఇనుము చూడాలి. ఎనిమిది బాగుంటే పై రెండంతస్తులు తీసేసి, పాడైనవాటికి కొత్త ఇనుము, కాంక్రీటు తొడిగి కొట్టును నిలబెట్టవచ్చు. అంతకు తగ్గితే మొత్తం కూల్చాలి. బాబాయికి పెళ్లి కాకముందు నుంచీ పొద్దున లేచి వెళ్లే చోటు అదొక్కటే.

గుంటూరులో కమిషన్ ఆఫీసులూ బ్యాంకులూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే వీధి అది. మా తాత అక్కడ ఒక్క అంతస్తు మిర్చి కొట్టు కట్టించాడు. బాబాయి చేతికొచ్చాక, చిలకలూరిపేట మిల్లులకు పత్తి కొనిపెట్టే బ్రోకర్ల కోసం దాని మీద ఒక అంతస్తు లేచింది. తొంభైల చివర్లో ఇంకొకటి లేచి, అందులోకి బ్యాంకు వచ్చింది. రెండు వేలు దాటాక మూడోది, కంప్యూటర్ కోర్సులు చెప్పేవాళ్లకు. దేనికీ కింద కొత్త స్తంభం వేయలేదు. పునాది గట్టిదనేవాడు బాబాయి. పునాది నిజంగానే గట్టిది.

ఎండుమిరపను ఉన్నపళంగా గోనెలోకి తొక్కితే కాయ చిట్లిపోతుంది. అందుకని ముందు నీళ్లు చల్లుతారు. తక్కువైతే కాయ విరుగుతుంది, ఎక్కువైతే బూజు పడుతుంది. ఆ పని బాబాయి ఎవరికీ వదిలేవాడు కాదు. బకెట్లో చెయ్యి ముంచి విసిరితే కుప్పంతా ఒకేలా తడిసేది. పక్క కొట్లవాళ్లు వచ్చి చూసేవాళ్లు. నడవడానికి మధ్యలో దారి వదిలి, కుప్పలు స్తంభాల చుట్టూ పోసేవాళ్లు. సీజనంతా స్తంభాల మొదళ్లు తడిసేవి, ఆరేవి, మళ్లీ తడిసేవి. పగుళ్లు కనిపిస్తే దసరా ముందు సిమెంటు పూసి సున్నం కొట్టించేవాడు.

ఇంజనీరింగ్ పూర్తయిన ఏడాది ఆ మొదళ్లను సుత్తితో తట్టి చూశాను. డొల్లగా మోగాయి. పై అంతస్తులవాళ్లకు చెప్పాను. ముందు బ్యాంకు ఖాళీ చేసింది, తర్వాత మిగతావాళ్లు. బాబాయి నాతో మాట్లాడడం మానేశాడు. ఈ షరతు కూడా మా నాన్న చేతే కబురు పెట్టించాడు.

వీధి గుమ్మం పక్కనున్న ఒకటీ, రెండూ కొట్టించాం. ఇనుము ఎలా వేశారో అలాగే ఉంది.

"చూశావా? డొల్ల ఇక్కడ కాదురా, నీ బుర్రలో ఉంది," అన్నాడు బాబాయి. చాలా నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

మూడోదానికి సమ్మెట అక్కర్లేకపోయింది. పెచ్చు చేతికే ఊడొచ్చింది. ఊచ ఉండాల్సిన చోట ఎర్రటి పొడి.

"ఏందండీ, కారం కూడా ఇందులోనే ఆడించారా?" అన్నాడు మేస్త్రి.

నాలుగు, అయిదు కూడా అంతే.

"ఇంకొకటి పోయినా ఫర్వాలేదు కదరా?" అన్నాడు బాబాయి, ఈసారి మెల్లగా.

"ఫర్వాలేదు బాబాయ్. నాలుగు దాకా."

ఆరోది ఆయన కూర్చునే పరుపు వెనకాల ఉంది. అది బాగుంది. ఏడు పోయింది. ఎనిమిదోదాని ఊచకు వెర్నియర్ పెట్టబోతే పెచ్చులుగా రాలింది. పోయినవి అయిదయ్యాయి.

"ఇక చాలు బాబాయ్. ఆపేద్దాం."

"ఆపేదేంటి? పన్నెండూ కొట్టు. నేను చూడాలి."

మేస్త్రి కొట్టాడు. బాబాయి ప్రతిదాని దగ్గరా వంగి చూశాడు. చివరిదాని దగ్గర లేవడానికి జాకీ పట్టుకున్నాడు.

"గుమ్మం దగ్గర రెండూ, నా వెనకాలదీ ఎందుకు బాగున్నాయిరా?"

"అక్కడ కుప్పలు పోయలేదు బాబాయ్."

ఆయన కుడిచెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. ఆ చేతికి ఏమీ అంటుకుని లేదు.

"నీళ్లేనా?"

"నీళ్లే."

"సరే. మీ నాన్నకు నువ్వే చెప్పు," అని చెప్పులేసుకుని వీధిలోకి దిగాడు.

పన్నెండు స్తంభాల్లో బాగున్నవి మూడు.