ఎడమ బ్యాటు తీగ

అమ్ముతానని చెప్పి అమ్మకుండా ఉండటంలో నాకు కొంత నేర్పు ఉంది. చెప్పుకోదగ్గ గుణం కాదని తెలుసు. కానీ జగిత్యాలలో లెక్కల సారుగా పొద్దంతా పిల్లలకు నిజాయితీ గురించి చెప్పి చెప్పి ఇంటికొస్తాను. సాయంత్రం కాస్త దొంగబుద్ధి లేకపోతే మనిషి బతకలేడు.

ఆ వస్తువు పిన్‌బాల్ మిషన్. చూడనివాళ్ల కోసం చెబుతాను. నాలుగు కాళ్లమీద ఏటవాలుగా నిలబడ్డ పెద్ద పెట్టె, పైన అద్దం, లోపల రంగు దీపాలు, గంటలు. స్ప్రింగు లాగి వదిలితే ఉక్కు గోళీ పైకి పోయి, అక్కడా ఇక్కడా తగులుతూ గంటలు మోగించుకుంటూ కిందికి దొర్లుతుంది. కింద రెండు చిన్న బ్యాట్లు ఉంటాయి. పెట్టెకు అటూ ఇటూ ఉన్న గుండీలు నొక్కి, ఆ బ్యాట్లతో గోళీని మళ్లీ పైకి కొట్టాలి. రెండింటి సందులోంచి జారిపోతే ఆ గోళీ పని అయిపోయినట్టే. ఇంతమాత్రం దానికి నలభై దాటిన మనిషికి పిచ్చి పడుతుందా అంటే, పట్టింది.

ఇది మా వైపు ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి. గల్ఫ్‌లో ఓ ఆటల హాలు మూతపడింది. అందులో నేల తుడిచే పనిచేసిన కోరుట్ల అతనికి దానిమీద మనసు పడింది. అందరూ టీవీలు, దుప్పట్లు, బాదంపప్పు కార్గోలో వేసి పంపితే అతను దీన్ని పంపాడు. ఇంట్లోవాళ్లు ఆశగా పెట్టె విప్పి చూసి అతనితో నెల్లాళ్లు మాట్లాడలేదట. తర్వాత అది నాకు చేరింది. ఇట్లాంటివి మా చుట్టుపక్కల నాలుగైదు ఉన్నాయి. ఉన్నవాళ్లం, కావాలని ఉబలాటపడేవాళ్లం కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. మాలో ఒక కట్టుబాటు ఉంది. కొనేవాడు ముందు మూడు గోళీలు ఆడాలి. ఆడకుండా ధర మాట ఎత్తకూడదు.

మూడేళ్లు అది మా ముందు గదిలో ఉంది. రోజూ భోజనం అయ్యాక రెండు మూడు ఆటలు ఆడేవాణ్ణి. తలుపు దగ్గరికి వేసుకునేవాణ్ణి, చప్పుడు బయటికి పోకూడదని.

నా భార్య మగ్గం వర్కు చేస్తుంది. జాకెట్టు గుడ్డను చెక్క ఫ్రేముకు బిగించి, సూదితో పూసలు, జరీ కుడుతుంది. ఆ ఫ్రేము మంచమంత ఉంటుంది. పెట్టడానికి చోటు లేక పడకగదిలో మంచానికీ గోడకూ మధ్య ఆనించి, నేలమీద మెడ వంచుకుని కూర్చునేది. ఈ మధ్య కోరుట్లలో ఒక చీరల దుకాణంవాళ్లు ఆమె పని చూసి, ప్రతినెలా పని ఇస్తామన్నారు. రెండు ఫ్రేములు వేసుకునే చోటు ఉండాలన్నారు. నెలాఖరులోగా చెప్పమన్నారు. మా ఇంట్లో రెండు ఫ్రేములు పట్టేది ముందు గదిలోనే. అక్కడ నా మిషన్ ఉంది.

"అమ్ముతనన్నవు కద," అంది ఆమె.

"అమ్ముత," అన్నాను.

ఆమె నా మాటను అక్కడే వదిలేసే మనిషి కాదు. నా ఫోనే తీసుకుని, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి, గ్రూపులో పెట్టింది. పెట్టాక ఫోన్ నా చేతికిచ్చి పప్పు తాలింపు వేయడానికి వెళ్లింది.

మొదట వచ్చింది కోరుట్లలో సెల్‌ఫోన్ల దుకాణం ఉన్న కుర్రవాడు. చాలా ఉత్సాహంగా ఉన్నాడు. అతను వచ్చే ముందే వెనక కాళ్ల కింద రెండు చెక్కముక్కలు దూర్చాను. దాంతో ఏటవాలు పెరిగింది. గోళీ పైకి పోవడమే ఆలస్యం, అప్పిచ్చినోడు కనపడ్డట్టు పరుగెత్తుకుంటూ కిందికొచ్చింది. మూడు గోళీలూ నిమిషం లోపే అయిపోయాయి.

"ఏంది సార్, గింత ఉరుకుతుంది," అన్నాడు మొహం వేలాడేసి.

"దీని గుణమే గంత తమ్మీ. అలవాటు కావాలె," అన్నాను ఎంతో విచారంగా. అతను టీ కూడా తాగకుండా పోయాడు. నేను చెక్కముక్కలు తీసి బీరువా వెనక దాచాను. నా భార్య గడప దగ్గర నిలబడి చూసిందని అప్పుడు నాకు తెలియదు.

రెండోసారి వచ్చినాయన సిరిసిల్ల మనిషి. యాభై దాటినవాడు. అక్కడ సాంచాలు, అంటే కరెంటుతో నడిచే మగ్గాలు బాగుచేసే మెకానిక్. ఇట్లాంటి మనిషికి చెక్కముక్కల ఉపాయం పనికిరాదని ఫోన్‌లో గొంతు వినగానే అర్థమైంది. అందుకే అతను వచ్చే ఆదివారం పొద్దున్నే అద్దం తీసి, గోళీ దొర్లే ఆటపలక పైకెత్తి, ఎడమ బ్యాటుకు పోయే సన్నటి తీగను పీకేశాను. ఒక్క బ్యాటుతో ఏ మొనగాడూ మూడు గోళీలు సరిగ్గా ఆడలేడు.

అతను వచ్చి, ఆడటానికి ముందు ఒక పని చేశాడు. ముందువైపు ఉన్న చిన్న తలుపు తెరిచి, టార్చి వేసి, లోపల ఒక మూలనున్న మీటరు చూశాడు. ఇప్పటిదాకా ఎన్ని ఆటలు ఆడారో లెక్కపెట్టే మీటరట అది. మూడేళ్లలో నేను దాన్ని గమనించనేలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి, ఆ అంకెను తలుపు లోపలివైపు రాశాడు.

"గదెందుకన్నా?" అన్నాను.

"అలవాటు సార్. సాంచ ముట్టుకునే ముంగట మీటర్ రాసుకుంటం. రేపు నువ్వు నడిపినవా నేను నడిపిన్నా అని సేటుకు, పనోనికి కొట్లాట రావద్దని."

తర్వాత ఆడాడు. ఎడమ బ్యాటు లేవలేదు. ఆటపలక ఎత్తి కాసేపు చూశాడు. దించాడు. "అచ్చే ఐతారం మల్ల అస్త సార్. ఒక సామాను తేవాలె," అన్నాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను. సిరిసిల్ల నుంచి ఇంత దూరం ఎవరు మళ్లీ వస్తారు? ఆ వారమంతా నేను మిషన్ జోలికి పోలేదు. చెడిపోయినట్టు కనబడాలంటే చెడిపోయినట్టే ఉంచాలి కదా. సాయంత్రాలు తలనొప్పిలా గడిచాయి.

తర్వాతి ఆదివారం అతను నిజంగానే వచ్చాడు. చేతిలో ఏ సామానూ లేదు. మళ్లీ చిన్న తలుపు తెరిచి టార్చి వేశాడు. సుద్దతో రాసింది చూశాడు, మీటరు చూశాడు, నన్ను చూశాడు.

"సార్, ఈ వారంల డెబ్బయ్యొక్క ఆట ఆడిండ్రు."

"ఎవరు?"

"గదే నేను అడుగుతున్న. ఎడమది లేవని మిషిన్ మీద గిన్ని ఆటలు ఎవలు ఆడిండ్రు?"

నేను ఆడలేదని ఒట్టేశాను. లెక్కల సారును, అంకెల ముందు దిక్కులు చూస్తూ నిలబడ్డాను. మీటరు చెడిందేమో అన్నాను. అతను నవ్వి, ఇంత మంచి మీటరు సిరిసిల్ల మొత్తంలో లేదన్నాడు. అప్పుడు టీ కప్పులు పట్టుకుని నా భార్య వచ్చింది.

"నేనే అన్నా," అంది, కప్పు అతని చేతికిస్తూ.

"తీగ లేదు కద," అన్నాను. ఆ మాటతో నా బండారం నేనే బయటపెట్టుకున్నానని తర్వాత తెలిసింది.

"నువ్వు పీకుతుంటే కిటికిలకెళ్లి చూసిన. నువ్వు బడికి పోంగనే పెట్టుకున్న, అచ్చే ముంగట మల్ల పీకిన. పూసలు కుట్టే చేతులకు గదేం పని." రెండో కప్పు నా చేతిలో పెట్టి, "మొదాలు నువ్వేం చేసినవో చూద్దామని ఒక్క ఆట ఆడిన. ఇంకొకటి ఆడిన. ఈ వారంల రెండు జాకెట్లే అయినయి," అంది.

సిరిసిల్ల అన్న టీ ఊదుకుంటూ, "నాకు పోయిన ఐతారమే తెలిసింది చెల్లె. ఊడిన తీగ వేరే ఉంటది, పీకిన తీగ వేరే ఉంటది. సార్‌కు అమ్మబుద్ది లేదని ఊకున్న. మనసు మారుతదేమోనని మల్ల అచ్చిన," అన్నాడు.

నేను తెలివిగా నవ్వి బయటపడదామనుకున్నాను. నా భార్య నవ్వలేదు.

"తీస్కపో అన్నా," అంది. "ఇది ఇంట్లుంటే నేను ఫ్రేము పట్టుకోను. కోరుట్లోల్లకు రేపు మాట చెప్పాలె. ఈయన అమ్మకుంటే నేను అమ్ముత."

అప్పుడు సిగ్గేసింది. చెక్కముక్కలకూ తీగకూ కాదు. అవి దొరికిపోతే దొరికిపోయాయి. నాలాగే ఆమెకూ ఆట మీద మనసు పడింది. ఆమె తన పని కోసం దాన్ని వదులుకుంటోంది, నేను వదులుకోలేక ఆమె మెడ వంగిపోతుంటే చూస్తూ ఉన్నాను. తలుపు దగ్గరికి వేసుకుని ఆడిన ఆ మూడేళ్లలో, నువ్వూ ఆడు అని ఆమెతో ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట ఎందుకు తోచలేదో నాకిప్పటికీ తెలియదు.

ధర అయిదు నిమిషాల్లో తేలింది. అతను అడిగిందానికి నేను ఎదురు చెప్పలేదు. కాసేపటికి అతను పిలిపించిన ట్రాలీ ఆటో బయట ఆగింది, తాళ్లు విప్పుతున్నారు.

"అన్నా, ఒక్క ఆట," అన్నాను.

"ఆడుండ్రి సార్. నేను పోయి తాళ్లు చూసుకుంట," అని అతను బయటికి వెళ్లాడు.

నేనే తీగ పెట్టాను. అద్దం వేశాను. ఆమెను ముందుకు రమ్మని నేను పక్కకు తప్పుకున్నాను. ఆమె స్టార్టు గుండీ ఒకసారి నొక్కింది, ఆగకుండా మళ్లీ నొక్కింది.

"రెండుసార్లు నొక్కినవు," అన్నాను.

"రెండుసార్లు నొక్కితెనే ఇద్దరికి ఆట అస్తది," అంది.