ఎర్రప్ప తొట్టిలో కొరమీను

మా బావ ఎర్రప్ప ఊరికి నీళ్లు వదిలే మనిషి. ఇరవై రెండేళ్లుగా అదే పని. బారెడు ఇనుప కడ్డీ భుజాన వేసుకుని వీధి వీధికీ తిరుగుతాడు. వీధి మొదట్లో ఉండే గుంతలోకి వంగి వాల్వు తిప్పుతాడు. వీధికి ఇరవై ఐదు నిమిషాలు, అది కూడా రోజు మార్చి రోజు. ఇరవై ఆరో నిమిషం అడిగారంటే ఆయన ముఖం చూడాలి, ఇల్లు రాసిమ్మన్నట్టు పెడతాడు.

పెళ్లికీ లేదు, పురుడుకీ లేదు. ఐదేళ్ల కిందట బయ్యన్న ఇంట్లో మనవరాలి ఫంక్షన్ జరిగింది. ఊరి చుట్టూ ఉన్న చీనీ తోటల్లో సగం బయ్యన్నవే. ఎన్నికలొస్తే జీపులన్నీ ముందు ఆయన వాకిట్లోనే ఆగుతాయి. అంతటి మనిషి ఒక పది నిమిషాలు ఎక్కువ వదలమని కబురు పంపితే, మా బావ "ట్యాంకరు తెప్పిచ్చుకోమని చెప్పుపో" అని వాల్వు కట్టేసి టీ తాగడానికి పోయాడు. ఆ రోజంతా మా అక్క మల్లీశ్వరి భయంతో అన్నం ముట్టలేదు. నేను మాత్రం ఒక ముద్ద సంగటి ఎక్కువే తిన్నాను. మా బావ ఇట్లాంటోడని నలుగురికీ చెప్పుకోవడం నాకు ఇష్టం. ఎదురుగా మాత్రం ఎప్పుడూ తిడతాను.

నా పేరు తిప్పేస్వామి. బస్టాండు దగ్గర కోళ్ల అంగడి నాది. ఈ కథలో నాకూ కొంచెం పాపం ఉంది కాబట్టి ముందే చెప్పుకుంటున్నాను.

బావ చేపను పెంచడానికి కారణం దోమలు. రోజు మార్చి రోజు నీళ్లొచ్చే ఊరు కాబట్టి మా దగ్గర ప్రతి ఇంటి ముందూ ఒక సిమెంటు తొట్టి ఉంటుంది. బావ వాళ్లది నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. నిలిచిన నీళ్లలో దోమల పురుగులు పడతాయి. చిన్న చేపలు వదిలితే అవి ఆ పురుగుల్ని తినేస్తాయి. కదిరి సంతలో ఒకడు ప్లాస్టిక్ కవర్లలో చేపపిల్లలు అమ్ముతుంటే బావ ఐదు తెచ్చాడు. నాలుగు చేపలు దోమల పురుగుల్ని తిన్నాయి. ఐదోది ఆ నాలుగింటినీ తినేసింది.

అమ్మినవాడు తెలిసి ఇచ్చాడో తెలియక ఇచ్చాడో గానీ, అది కొరమీను పిల్ల. మూడు నెలల్లో జానెడయింది. ఏ పనీ చేయకుండా వేళకు తింటుందని మా అక్క దానికి దొర అని పేరు పెట్టింది.

కొరమీను అని తెలిసిన రోజు నుంచీ నా ఆలోచన వేరు. అంగడిలో కోళ్ల పేగులు ఊరికే పారేస్తాం. రోజూ సాయంత్రం ఒక గుప్పెడు తెచ్చి సన్నగా తరిగి తొట్టిలో వేసేవాణ్ణి. "దొర అంటే నీకు ఎంత ప్రేమరా!" అని అక్క మురిసిపోయేది. ప్రేమ లేదు, పాడూ లేదు. నేను చూస్తున్నది పులుసు. ఇంకో కిలో పెరగనీ, చింతపండు కాస్త ఎక్కువ పోసి, ధనియాలు వేయించి నూరి పెడదామనుకుంటూ ఉండేవాణ్ణి. ఒకసారి నోరు జారి ఈ మాట బావ ముందు అన్నాను. మూడు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు.

నా పేగులు దొరకు బాగా ఒంటబట్టాయి. రెండేళ్లు తిరిగేసరికి చెయ్యంత పొడవయింది. బావ ఇంటికొచ్చి కడ్డీ గోడకు ఆనించగానే, ఆ చప్పుడుకు నీళ్లపైకి వచ్చి మూతి చాపేది. బావ వేలితో దాని నెత్తిన రాసేవాడు. పిల్లలు లేని ఇల్లు. భార్యాభర్తలిద్దరూ పొద్దున లేస్తూనే ముందు తొట్టి దగ్గరికే పోయేవాళ్లు.

అయితే నాలుగడుగుల తొట్టిలో చెయ్యంత చేప ఎట్లా ఉంటుంది? ఇట్లా కదిలితే గోడ, అట్లా తిరిగితే గోడ. సిమెంటుకు ఒరుసుకుని మూతి పుండయింది. ఒకరోజు తొట్టి మీద కప్పిన వలను తోసుకుని బయటికి ఎగిరి, పాకుతూ వీధి దాటి ఎదురింటి పెద్దన్న గడప దగ్గర పడింది. కొరమీను గాలి కూడా పీల్చుకుంటుంది కాబట్టి బతికింది. పెద్దన్న తడి తువాలలో చుట్టి తెచ్చిచ్చాడు.

"ఏమప్పా ఎర్రప్పా, నీ చేప మా ఇంటితో సంబంధం కలుపుకునేకి వచ్చిండాది, చూసుకో" అన్నాడు. అందరూ నవ్వారు. బావ మాత్రం దాని మూతి మీద పుండు చూస్తూ నిలబడ్డాడు.

"పెద్ద తొట్టి కట్టిద్దాం బావా, మేస్త్రీని నేను పిలుస్తా" అన్నాను.

"కట్టేది కట్టొచ్చు. నింపేకి నీళ్లు యాడివిరా?"

అసలు బాధ అదే. చిన్నగా ఉన్నప్పుడు ఎనిమిది రోజులకొకసారి నీళ్లు మారిస్తే సరిపోయేది. ఇప్పుడు రెండు రోజులకే నీళ్లు నల్లబడి కంపు కొడుతున్నాయి. బావ ఇల్లు వీధి చివర. పైపులో నీళ్లు అందరిళ్లూ దాటి ఆఖరున వాళ్లకు అందుతాయి. ఆ వచ్చే కాసిన్నీ దొరకే పోసి, అక్క తాగడానికి నీళ్లు తోటల బోర్ల దగ్గర నుంచి మోసుకొచ్చుకునేది. చెరువులో వదులుదామంటే చెరువులో పశువులు మేస్తున్నాయి.

ఏప్రిల్లో ఒక బుధవారం. నేను తొట్టి దగ్గర కూర్చుని పేగులు తరుగుతున్నాను. బావ ఇంటి కొళాయి పారుతోంది. పారుతూనే ఉంది. ఎందుకో అనుమానమొచ్చి ఫోన్లో టైము చూశాను. ముప్పై నిమిషాలు దాటింది. లేచి వీధి మొదటికి పోతే, వాల్వు గుంత దగ్గర బావ కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. చూపు చేతి గడియారం మీదే ఉంది.

"బావా, టైమైపోయె."

"తెలుసురా."

తెలుసంటూనే ఇంకా కొంతసేపు నిలబడ్డాడు. మొత్తం పది నిమిషాలు ఎక్కువ. తర్వాత వంగి కట్టేసి, నా ముఖం చూడకుండా పక్క వీధికి వెళ్లిపోయాడు. ఇన్నేళ్లూ ఆయన చాదస్తాన్ని తిట్టినవాణ్ణి నేనే. ఆ రోజు మాత్రం నాకు భయమేసింది. ఊళ్లో ఒక్క మనిషి మీద అందరికీ నమ్మకం ఉంది, అది ఒక చేప కోసం పోతుందేమోనని. దాన్ని అంత లావు చేసిన పేగులు నా అంగడివే కదా.

శుక్రవారం మళ్లీ నీళ్ల రోజు. మా వీధికి సరిగ్గా పదిహేను నిమిషాలకు వాల్వు కట్టేశాడు. బిందెలు సగం కూడా నిండలేదు. ఆడవాళ్లంతా గుంత దగ్గరికి వచ్చేశారు. అందరికన్నా ముందు సుంకమ్మ, చంకలో బిందెతో. మా వీధిలో ఆమె నోటికి ఎదురు నిలిచేవాళ్లు లేరు.

"ఏమప్పా, గడియారం చెడిపోయిందా నీది?"

"గడియారం బాగానే ఉండాది సుంకమ్మా. మొన్న మన వీధికి పది నిమిషాలు ఎక్కువ వదిలినా. నా చేప కోసరం. ట్యాంకు ముందే ఖాళీ అయి, ఆఖరున నీళ్లొదిలే కాలనీ వాళ్లకు పది నిమిషాలు తక్కువ పడినాయి. ఈ పొద్దు వాళ్లవి వాళ్లకిస్తాండా."

సుంకమ్మ చంకలో బిందె కింద పెట్టేసింది. "నిన్నెవరు చెప్పమన్నారప్పా? చెప్పకుంటే ఎవరికి తెలుస్తాది?" అంది.

"నాకు తెలుసు గదమ్మా" అన్నాడు బావ. "ఇంగ దాన్ని ఇంట్లో పెట్టుకోను. పెట్టుకుంటే మళ్లా ఇదే పని చేస్తా."

ఇంటికొచ్చాక బావ తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. రెండేళ్లుగా నేను ఎదురుచూసిన సమయం ఇదే. ఒక్క మాటంటే చాలు, పులుసే. నోరు తెరిచాను. దొర పైకొచ్చి, పేగులు తెచ్చాననుకుందేమో, నా వైపే మూతి చాపింది. ఆ పుండు మూతిని చూసి ఆ మాట మింగేశాను. దాన్ని తినడం నా వల్ల కాదు. ఇంకొకరు తినడం కూడా చూడలేను.

"బయ్యన్నను అడుగుదాం పా బావా, ఆయన తోటలో నీళ్ల కుంట ఉండాది" అన్నాను.

బావ ముఖం చిన్నదయింది. అడగకూడని గడపంటూ ఉంటే ఆయనకు అదొక్కటే. అయినా లేచి చెప్పులు వేసుకున్నాడు.

చీనీ తోటలో బయ్యన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. మేము చేరేలోపే వీధిలో జరిగింది ఆయన చెవిన పడింది.

"రాప్పా ఎర్రప్పా. నా మనవరాలి ఫంక్షన్‌కు పది నిమిషాలు ఇయ్యనోడివి, చేపకిచ్చినావంట?"

"ఇచ్చినాన్నా. తప్పే" అని బావ తల దించుకున్నాడు. "నీ కుంటలో దానికింత చోటిస్తావేమో అడుగుదామని వస్తి."

"ఏం చేప?"

"కొరమీను."

బయ్యన్న మంచం మీద నుంచి దిగినంత పని చేశాడు. "కొరమీనా! కుంటలో మూడు వేల బొచ్చె చేపపిల్లల్ని వదిలినా. నీ దొర నెల తిరిగేలోగా ఒక్కటీ మిగల్చదు. కుదరదంటే కుదరదు."

బావ వాదించలేదు. ఇరవై రెండేళ్లు ఊరికి కుదరదని చెప్పిన మనిషి, తనకు చెబితే ఒప్పుకోకుండా ఎట్లా ఉంటాడు? దండం పెట్టి వెనక్కి తిరిగాడు.

"యాడికి పోతావు, ఆగు. కుంటలో కుదరదంటి గానీ తోటలో కుదరదంటినా? ఆ మూల పాత బావి ఉండాది. బోర్లు వేసినాక దాని జోలికి ఎవరూ పోలా. కప్పలు, పాములు తప్ప ఏమీ లేవు. ఊట బావి, ఎండల్లో కూడా సగానికి పైగా నీళ్లుండాయి. దాంట్లో ఇడ్సుకో." తర్వాత నా వైపు వేలు చూపించాడు. "ఈ కోళ్లంగడోణ్ణి మాత్రం బావి దరిదాపులకు రానియ్యొద్దు."

నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. బావ మాత్రం చాలా రోజులకు నవ్వాడు.

మరునాడు పొద్దున్నే అక్క దొర మూతి పుండుకు పసుపు రాసింది. "అత్తగారింటికి పోతాండాది నా బిడ్డ" అంటూ ముక్కు చీదుకుంది. తడి గోనెసంచిలో చుట్టి, నా మోపెడ్ మీద వెనక కూర్చుని బావ ఒళ్లో పెట్టుకున్నాడు. బయ్యన్న రావద్దన్నా నేను పోయాను. నడిపేవాడు లేకుండా మోపెడ్ ఎట్లా పోతుంది?

పాత బావికి రాతి మెట్లున్నాయి. బావ ఆఖరి మెట్టు దాకా దిగి, సంచిని నీళ్లలో ముంచి మూతి విప్పాడు. దొర కాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా బయటికొచ్చింది. నాలుగడుగులు పోయింది, గోడ తగులుతుందన్నట్టు గిరుక్కున వెనక్కి తిరిగింది. మళ్లీ నాలుగడుగులు, మళ్లీ వెనక్కి. బావ మెట్టు మీద వంగి చూస్తున్నాడు, నేనూ అంతే. నాలుగోసారి పోయినప్పుడు అది వెనక్కి తిరగలేదు. పోతూనే ఉంది. బావి నడిమధ్యలో ఒక్కసారి పైకొచ్చి గాలి మింగి, లోపలికి మునిగిపోయింది.

బావ మెట్టు మీద కూలబడ్డాడు. ఆ గోడ నుంచి ఈ గోడ దాకా ఉన్న పచ్చటి నీళ్లను చాలాసేపు చూశాడు. తువాలతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఇరవై రెండేండ్లలో నా చేత్తో ఒకరికి ఇన్ని నీళ్లిచ్చింది ఇదే మొదలురా తిప్పేస్వామీ" అని గట్టిగా నవ్వాడు.