నాన్న మీద వ్యాసం

కూతురు ఫియోనాకి మంచి కాలేజీలో సీటు రావాలని డబ్బిచ్చి పెట్టుకున్న అడ్మిషన్ల కౌన్సెలర్ ఇంటి ముందు, బోస్టన్ చలిలో, ప్రతి శనివారం కూతురు లోపలున్నంతసేపూ రోజ్‌మేరీ కారులోనే కూర్చునేది. చల్లారిన కాఫీ చప్పరిస్తూ, పోయిన భర్త బేస్‌బాల్ టోపీని ఒళ్లో పెట్టుకుని నిమిరేది.

"కాలేజీ దరఖాస్తుతో పంపే వ్యాసంలో మీ నాన్న పోవడం గురించే రాయి, చదివేవాళ్ల మనసు కరగాలి" అని చెప్పింది కౌన్సెలరే. ఆ వ్యాసాన్ని ఎన్నిసార్లు తిరగరాయించిందో లెక్కలేదు.

సీటొచ్చింది. "పోసిన డబ్బు గిట్టుబాటైందిలే" అంది పక్కింటావిడ.

అప్పుడుగానీ రోజ్‌మేరీ ఆ వ్యాసం చదవలేదు. తండ్రి ఆఖరిక్షణంలో కూతురి చెయ్యి పట్టుకుని నవ్వాడని ఉంది అందులో.

"నువ్వు అప్పుడు స్కూల్లో ఉన్నావు కదే?"

ఫియోనా ఆ వాక్యం మరోసారి చదువుకుంది. "ఏమోనమ్మా. నాకిప్పుడు అలాగే గుర్తుంది."