మార్కు దిద్దుకున్న సార్

మొన్న పొద్దుగాల జగిత్యాలల క్లాసుకు పోతుంటే కోరుట్ల నుంచి ఫోనచ్చింది, మా సార్ పోయిండ్రని. నాకు వైద్యం నేర్పిన సార్. నిద్రల్నే గుండె ఆగిందట. క్లాసులకైతే పోయిన గని, ఒక్కకాడ నిలవబుద్ధి కాలే. ఎదురుంగ నా స్టూడెంట్లు. సాయంత్రంలోపల వాళ్లకు మార్కులెయ్యాలె.

సార్ పాఠం చెప్పకపోయేటోళ్లు. మమ్ములను గుండ్రంగ కూసోబెట్టి, "సిరిసిల్లల బట్టనేసే సాంచాలు నడిపే మనిషి. మెట్లెక్కితే దమ్మొస్తది, ఊపిరాడది. ఇగ మీరే చూడుండ్రి" అని ఊకునేటోళ్లు. ఏం అడగాలె, రోగికి ఏ టెస్టు రాయాలె, ఏం చదువుకొని రావాలె, అంత మేమే తేల్చుకోవాలె. మేం వాదులాడుకుంటుంటే సార్ పెన్ను మూత తీసుకుంట, పెట్టుకుంట వినేటోళ్లు. మార్కులు ఆ మాటల మీదనే.

మా గ్రూపుల రుద్రంగి అమ్మాయి ఉండె. వాళ్ల నాయిన తాళ్లెక్కి కల్లు గీస్తడు. మేమంత ఇంగ్లీషుల దంచుతుంటే ఆ పిల్ల తల వంచుకొని కూసునేది. సార్ ఆమెకు అందరికన్న తక్కువ వేసిండ్రు. "నోరిప్పకుంటే నీకేం తెలుసో నాకెట్ల తెలుస్తదమ్మా?" అన్నరు. ఆ పిల్ల హాస్టలుకు పోయి బట్టలు సర్దుకుంది. చదువు బంజేస్త అన్నది. నేనెంత చెప్పినా వినలే.

పోయేముందు వార్డుల ఒక అవ్వను చూసిపోత అన్నది. నేనూ ఎంబడి పోయిన. ఎన్ని మందులు రాసినా ఆ అవ్వకు దమ్ము తగ్గుతలేదు.

"అవ్వా, నిజం చెప్పు. గోలీలు మింగుతున్నవా, దాసిపెడుతున్నవా?" అని అడిగింది ఆ పిల్ల.

అవ్వ అటిటు చూసి కొంగుముడి ఇప్పింది. గోలీలన్ని అండ్లనే ఉన్నయి. "మింగితే కడుపుల మంట బిడ్డా. పెద్ద డాక్టరుకు చెప్తే కోపం చేస్తడని..."

ఆ పెద్ద డాక్టరు పక్క మంచం కాడ్నే నిలవడి ఉన్నరు. మా సార్.

తెల్లారి క్లాసుల అందరి ముందట సార్ ఆమె మార్కు కొట్టేసిండ్రు. "నేను నీ ఇంగ్లీషుకు మార్కేసిన తల్లీ. తప్పు నాదే" అన్నరు. అప్పటి సంది ఒక్కొక్కరిని రోగి దగ్గర కూసోబెట్టి, సార్ వెనకాల స్టూలేసుకొని వినేటోళ్లు. రుద్రంగి అమ్మాయి ఊరికి పోలే. ఇయ్యాల వెల్గటూర్ల డాక్టరమ్మ.

నేను పాఠాలు చెప్పుడు మొదలువెట్టినంక ఒకపారి సార్ ను అడిగిన, "మార్కు సరిగ్గ వేసినమని ఎట్ల తెలుస్తది సార్?"

"నాకూ తెల్వదు. వేసిన ప్రతిసారి భయమైతది. భయం పోయిన్నాడు మార్కులేసుడు ఆపేస్త."

మొన్న మార్కులు వెయ్యకుండనే కోరుట్ల పోయి సార్ ను ఆఖరిసారి చూసొచ్చిన. నా గ్రూపుల చందుర్తి పిలగాడొకడు మాట్లాడడు. తెల్లారి వాణ్ని వార్డుకు తోలుకపోయి వెనకాల కూసున్న. వాడు రోగిని రెండు మాటలడిగి ఆగిండు. వానికేం తెలుసో నాకింకా తెలుస్తలేదు. రేపు మళ్ల కూసుంట.

సార్ తోని నేను ఆఖరుకు మాట్లాడింది కోరుట్ల బస్టాండ్ల. నేను కిటికీ కాడ, సార్ కింద. "నీ గ్రూపుల మాట్లాడకుండ ఊకె ఉండేటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగిండ్రు. చెప్పబోతుంటే బస్సు కదిలింది. హారన్ల మోతల నా మాట ఇనవడలేదేమో, సార్ చెవి కాడ చెయ్యి పెట్టుకొని, బస్సు పక్కపొంటి గబగబ నడుస్తనే ఉన్నరు.