చిన్నమ్మ మెడకాడి గడ్డ

మొన్న పొద్దున దోసె పెనం మీద ఉండగా కుప్పం ఆస్పత్రి నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. సొంత చెల్లెలు కాదు, మా చిన్నమ్మ కూతురు. "అక్కా, పాపకు ఆపరేషన్ అయిపోయింది. కండ్లు తెరిసింది. ఐస్‌క్రీమ్ యాడని అడగతాండాది" అని నవ్వబోయి ఏడ్చింది. స్టవ్ ఆపేసి అక్కడే పీట మీద కూర్చున్నాను. చెల్లెలి కూతురు పాప, ఇంకా బడికి పోయే పిల్ల. గడ్డ అన్నది ఇంకా పుట్టనే లేదు. అది పుట్టే థైరాయిడ్ గ్రంథినే ముందుగా తీసేశారు. సంతోషపడాల్సిన పూట నా మనసు మాత్రం ఆ పాప ఎన్నడూ చూడని అవ్వ మీదికే, మా చిన్నమ్మ మీదికే పోయింది.

చిన్నమ్మది చౌడేపల్లె పక్కన పల్లె. ఆవులు, టమాటా తోట. గొంతు పెద్దది. గట్టు అవతల మేసే ఆవును కేకేస్తే ఆవుతో పాటు మా చిన్నాయన కూడా పరిగెత్తుకొస్తాడని ఇంట్లో ఎగతాళి. ఏ పెళ్లికి పోయినా ముందు బాత్రూం యాడుందో చూసుకుని, ఆ తర్వాతే పెళ్లికూతురిని చూసేది. ఏళ్ల తరబడి ఆమెకు విరేచనాలు. బస్సెక్కే రోజు మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. దానిమ్మ తొక్క కషాయం, పలచని మజ్జిగ, అమీబా మాత్రలు, అన్నీ అయినాయి. ఉన్నట్టుండి మొహం కందగడ్డలా ఎర్రబడేది. కోపమనుకుని చిన్నాయన మెల్లగా పశువుల కొట్టం దారి పట్టేవాడు. "కోపం కాదప్పా, ఒళ్లు మండతాండాది, అంతే" అనేది ఆమె.

మెడ పక్కన గడ్డ ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. కొంగు మెడ చుట్టూ కప్పుకోవడం ఆమెకు అలవాటు. మదనపల్లెలో డాక్టరు రక్తం పరీక్ష చేయించి, థైరాయిడ్ బాగానే పనిచేస్తోంది, భయం లేదన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. ఆ పరీక్షలో ఈ జబ్బు కనబడదట. కడుపుకొక డాక్టరు, గడ్డకొక డాక్టరు. మొహం ఎర్రబడేదానికి డాక్టరే లేడు. మూడూ ఒకే జబ్బని చెప్పే మనిషి దొరికేసరికి చిన్నమ్మ గొంతు బొంగురుపోయింది.

ఆ మనిషి కుప్పంలో ఒక డాక్టరమ్మ. మెడ చూపించుకుందామని పోతే, విరేచనాల గురించి అడుగుతుందేమిటని మేం మొహాలు చూసుకున్నాం. ఆమె కాల్సిటోనిన్ అనే ఇంకో రక్తపరీక్ష రాసింది. దాంట్లో తేలింది, మెడుల్లరీ అని, థైరాయిడ్‌లో అరుదుగా వచ్చే క్యాన్సర్. అప్పటికే కాలేయానికి పాకింది. మామూలు థైరాయిడ్ క్యాన్సర్‌కు ఇచ్చే అయోడిన్ మందు దీనికి పనిచేయదన్నారు. ఆపరేషన్ చేశారు గానీ గొంతు తిరిగి రాలేదు. ఆఖరు రోజుల్లో చిన్నమ్మ ఆవును పిలవలేక చప్పట్లు కొట్టేది. ఒకసారి నా చెయ్యి పట్టుకుని, "ముందే తెలిసుంటే బాగుండు గదమ్మా" అంది, గుసగుసగా.

ఈ జబ్బు కొన్ని ఇండ్లలో తల్లి నుంచి బిడ్డకు దిగుతుందని, పిల్లలకు జన్యు పరీక్ష చేయించమని డాక్టరమ్మే చెప్పింది. చెల్లెలికి ఉందని తేలింది. గడ్డ ఆవగింజంత ఉన్నప్పుడే పట్టుకుని తీసేశారు. పొద్దున్నే ఒక మాత్ర మింగి ఎప్పటిలా తిరుగుతోంది. ముదిరిన వాళ్లకు కూడా ఇప్పుడు కొత్త మాత్రలు వచ్చాయట. ఆ మాట విన్నప్పుడల్లా నాకు చిన్నమ్మ చప్పట్లు గుర్తొస్తాయి.

పోయిన నెల పాపకూ అదే ఫలితం వచ్చింది, గడ్డ పుట్టకముందే గ్రంథి తీసేయాలన్నారు. చెల్లెలి అత్తగారు, "బాగుండే బిడ్డ గొంతు యాల కోయిస్తారు?" అని పట్టుబట్టింది. చెల్లెలు దిక్కుతోచక పుంగనూరులో మా ఇంటికొచ్చి కూర్చుంది. "నువ్వయితే ఏం జేస్తావక్కా?"

"సూడు మే, మీ అమ్మకు ఈ పరీక్ష దొరకలేదు. దొరికుంటే ఆమె వద్దనుండునా?"

చెల్లెలు కండ్లు తుడుచుకుని లేచి, అత్తగారికి ఫోన్ చేసి, "అత్తా, పాపను కుప్పం తీసకపోతాండాను" అని మాత్రం చెప్పింది.

కాలం మా ఇంటికి మేలే చేసింది, కాదనను. కాకపోతే ఆ మేలు ఇంకొంచెం ముందుగా వచ్చుండాల్సింది.