గ్లాసు వెనక వేలు

భోగాపురం దగ్గర బట్టలకి రంగులద్దే ఫ్యాక్టరీలో నేను కెమిస్టుగా చేసేటప్పుడు, మురుగునీటి షెడ్డుకి ఒక పెద్దాయన ఆపరేటరు. తొట్టెలో దించిన ఇనుప పలకలకి ఆయన కరెంటు పెడితే రంగంతా తెట్టు కట్టి పైకి తేలేది. కింద తేరిన నీళ్లు గ్లాసులో పట్టి, వెనక వేలు పెట్టి చూసేవాడు. "ఏలు అగుపడతన్నాది. ఒగ్గేత్తాను" అని కాలవకి వదిలేవాడు. నా మీటరు మాత్రం రోజూ ఆ నీళ్లలో అద్దకానికి వాడే ఉప్పు ఎక్కువనే చూపించేది. నేను రిజిస్టరులో రాసి ఊరుకునేదాన్ని.

ఒకరోజు సీసాతో ఎర్రటి నీళ్లు తెచ్చాడు. కాలవ పక్కనున్న తమ ఇంటి నూతివట; షెడ్డు రాకముందు వదిలిన రంగు అందులోకి ఇంకిందట. "దీనికీ కరెంటెట్టి సూడమ్మా" అన్నాడు. బీకరులో రెండు పలకలు దించాను. కాసేపటికి నీళ్లు తేరాయి. వడగట్టి ఇస్తే, గ్లాసు వెనక వేలు చూసుకుని ఎంత మురిసిపోయాడో! "మా నూతి నీరు తాగి ఎన్నాళ్లయినాదో" అంటూ నోటిదాకా తెచ్చాడు.

చెయ్యి పట్టుకుని ఆపాను. "తాగొద్దు బాబాయ్. రంగే పోయింది, ఉప్పు పోలేదు."

ఆయన గ్లాసు కిందికి దించాడు. "అయితే నేను రోజూ ఏలెట్టి సూసి ఒగ్గినది ఇలాటి నీరేనేటమ్మా? నీకు తెలీదేటి?"

నాకు తెలుసు.

మర్నాటి నుంచి కూడా ఆయన గ్లాసులో నీళ్లు పట్టేవాడు. వేలు మాత్రం పెట్టేవాడు కాదు. గ్లాసు నా బల్ల మీద పెట్టి, నా మొహం కేసి చూసేవాడు.