మా బావికి ఓడ రూలు

పావగడ బస్టాండు దగ్గరి కల్యాణమంటపంలో కరెంటు పోయినప్పుడల్లా వెనకవైపు జనరేటరు వేస్తారు. ఆ డీజిలు పొగ హాల్లోకి కమ్ముకు రాగానే ఆడవాళ్లంతా కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు, నేను మాత్రం వడ్డిస్తున్న గరిటె చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోతాను. ఏడుపొచ్చి కాదు. ఏమీ రాదు. ఇన్నేళ్లయినా ఆ వాసనకు నాలో ఏదీ కదలకపోవడమే నాకు వింతగా ఉంటుంది.

అరసికెరె దగ్గరి మా పల్లెలో మా చిన్నతనమంతా వేరుశెనగ చుట్టూనే తిరిగేది. వాన పడితే విత్తనానికి కాయలు ఒలవడం, బొటనవేలు బొబ్బలెక్కడం, ఒలుస్తూ ఒలుస్తూ దొంగతనంగా నాలుగు గింజలు బుగ్గన పెట్టుకోవడం. పంట చేతికొస్తే ఉప్పేసి ఉడికించిన పచ్చికాయలు, రాగిసంగటిలోకి అమ్మ రోట్లో నూరే శెనగ్గింజల పచ్చడి ఊరిబిండి, కాయలు తెంపిన ఎండు వేరుశెనగ కట్టె వామి మీద నుంచి జారి ఒళ్లంతా దురదలు తెచ్చుకునే ఆటలు, ఉగాదికి ఓళిగ బొబ్బట్ల మీద ధారగా పోసే నెయ్యి. వాన పడకపోతే ఇవేవీ ఉండేవి కావు. పీకిన చెట్టుకు గింజ లేని రెండు లొట్టకాయలు వేలాడేవి, వాటినే పెద్దవాళ్లు చెవి దగ్గర ఆడించి చూసి పక్కన పడేసేవాళ్లు. ఉగాదికి బెల్లం నీళ్లతో సరిపెట్టిన ఏళ్లూ ఉన్నాయి.

అట్లాంటి ఒక కరువులో మా బావి నీళ్లు అడుగుకు పోయాయి. గట్టు మీద పెట్టిన డీజిలింజినుకు అంత లోతు నుంచి నీళ్లు అందలేదు. అప్పట్లో మా వైపు రైతులంతా చేసిన పనే మా నాయన కూడా చేశాడు. పదిమందిని పిలిచి, మోకులు కట్టి, ఇంజిన్ని బావి లోపలికే దించి, నీళ్లకు కాస్త పైనున్న బండ మీద కూర్చోబెట్టాడు. పొగగొట్టం బావి సగం దాకానే వచ్చింది. నీళ్లయితే పైకొచ్చాయి గానీ ఇంజిను కార్చే నూనె చుక్క చుక్కగా బావిలోనే పడేది. మేం తాగేదీ ఆ నీళ్లే. బిందె మీద రంగురంగుల తెట్టె కట్టేది, అమ్మ దాన్ని గుడ్డతో అద్ది తీసేసి, “వాసన చూసుకుంటా కూసుంటే దప్పి తీరదు, తాగు” అనేది.

ఆ ఎండాకాలమే మా చిన్నాయన సెలవు మీద వచ్చాడు. నాయనకు ఒక్కగానొక్క తమ్ముడు. మద్రాసు రేవులో కూలికి చేరి, అక్కడి నుంచి సరుకుల ఓడ ఎక్కి, ఇంజిను గదిలో పనివాడైనాడు. సముద్రం ఎట్లుంటుందో తెలియని మా పల్లెకు ఆయనే సముద్రం. వాసన సబ్బు తెచ్చేవాడు, గడియారం చూసి అన్నానికి కూర్చునేవాడు, చేతికి నూనె మరక అంటితే తుడిచిన గుడ్డను కూడా ఎక్కడంటే అక్కడ పడేసేవాడు కాదు. వచ్చిన రోజు అమ్మ ఇచ్చిన నీళ్లు ఒక గుక్క తాగి, చెంబు కింద పెట్టి, నేరుగా బావి దగ్గరికి పోయాడు.

ఆ సాయంత్రం అరుగు మీద ఓడ సంగతులే. ఓడ కడుపులో చేరే నూనె నీళ్లను అట్లాగే సముద్రంలోకి వదలకూడదట, నూనెను వేరు చేసి తొట్టిలో దాచి రేవులో దించాలట, తప్పితే ఓడనే ఆపేస్తారట. నాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. “అంత సముద్రానికే సుక్క పడగూడదంటే, మన బావెంతప్పా!” అన్నాడు. నవ్వినా తమ్ముడి మాట తీసేయలేదు. ఇద్దరూ కలిసి కిరసనాయిలు డబ్బా కోసి రేకు తొట్టి చేసి ఇంజిను కింద పెట్టారు. నిండినప్పుడల్లా దాన్ని పైకి తెచ్చి బండి ఇరుసుకు కందెనగా వాడేవాళ్లు. బిందె మీద తెట్టె తగ్గింది. ఊళ్లో చిన్నాయనకు ‘ఓడ దొర’ అని పేరు పడింది.

ఆయన ఇంకో రూలు కూడా చెప్పాడు. ఓడలో మూసి ఉన్న తొట్టిలోకి గాలి పరీక్ష చేయకుండా ఎవరూ దిగకూడదు, లోపల ఒకడు పడిపోతే వాడి కోసం ఇంకొకడు ఊరికే దూకకూడదు. “ఒగని కోసరం ఒగడు దిగి, ముగ్గురు పోయినారన్నా, నా కండ్ల ముందరే” అన్నాడు. దానికి ఎవరూ నవ్వలేదు, పట్టించుకోనూ లేదు.

ఆ ఎండాకాలంలోనే ఒక పొద్దున గాలి బొత్తిగా లేక ఇంజిను పొగ బావిలోనే నిలిచిపోయింది. నేను సద్ది తీసుకుని చేనికి పోయేసరికి డీజిలు అయిపోయి ఇంజిను అప్పుడే ఆగింది. చిన్నాయన దూరంగా కాలవ సరిచేస్తున్నాడు. నాయన బావిలోకి తొంగి చూసి, “తొట్టి నిండిండాది. వాడొస్తే మళ్లా పురాణమెత్తుకుంటాడు, నేనే తీసేస్తా” అని మెట్లు దిగాడు. బండ దాకా పోయాడు. తొట్టి మీద చేయి వేశాడు. తర్వాత అలిసినవాడు కూర్చున్నట్టు కూర్చుని, మెల్లగా పక్కకు ఒరిగాడు.

గట్టు మీద నా పక్కనే ఉన్న మా అన్నది అప్పటికి మీసం మొలుస్తున్న వయసు. “నాయనా!” అని అరుస్తూ మెట్ల మీదికి దూకాడు. ఆ అరుపుకు పరుగెత్తుకొచ్చిన చిన్నాయన రెండో మెట్టు మీదే వాణ్ని రెండు చేతులా వాటేసి పట్టుకున్నాడు. పక్క చేని నుంచి వచ్చిన ఇద్దరు మగవాళ్లను కూడా దిగనివ్వక మెట్లకు అడ్డంగా నిలబడి, “ఎవురూ దిగొద్దు! వేపకొమ్మలు తెండి, మోకు తెండి!” అని అరిచాడు. అన్న ఆయన చేయి కొరికాడు. రక్తం వచ్చింది, ఆయన వదల్లేదు. కొమ్మలు కట్టి బావిలోకి దించి, పైకీ కిందికీ ఆడించి ఆడించి, పొగ కొంత చెదిరాక, ఇంకా దిగకూడదని తనే చెప్పిన చోటికి నడుముకు మోకు కట్టుకుని ఆయనే దిగాడు. నాయనను పైకి తెచ్చేసరికి ఒళ్లు వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు.

నాకు ఏడుపు రాలేదు. సద్ది గిన్నె ఇంకా చంకలోనే ఉందని ఎవరో తీసుకున్నప్పుడు గాని తెలియలేదు. “తోడబుట్టినోడు సస్తాంటే మెట్లకాడ నిలబన్యాడు” అని ఊరంతా అంది, ఆయన ముందే అంది. ఆయన ఓడకు మళ్లీ పోలేదు. మా చేను ఆయనే దున్నాడు, నన్ను చదివించాడు, అన్న పెళ్లి చేశాడు, అయినా ఆ ఇంట్లో ఎవరితోనూ నవ్వుతూ మాట్లాడగా నేను చూడలేదు. నాకూ ఆయన మీద కోపమూ లేదు, జాలీ లేదు. ఆ రోజు చల్లబడిందేదో మళ్లీ వేడెక్కలేదు, అంతే.

ఇప్పుడు ఆ బావి లేదు, పూడ్చేశారు. వేరుశెనగ వేసేవాళ్లు వేళ్ల మీద లెక్క. చేలనిండా సోలారు పలకలు ఎండకు మెరుస్తుంటాయి. ఉన్నది అన్న, ఆయన పిల్లలు, ముసలితనం మీదపడ్డ అమ్మ, పక్క గదిలో మంచం పట్టిన చిన్నాయన. మొన్న నేను పోయినప్పుడు అమ్మ సంగటి ముద్ద చేసి చిన్నాయనకని పళ్లెంలో పెట్టి నా చేతికిచ్చింది. ఈసారన్నా నీ చేత్తో ఇవ్వమ్మా అన్నాను.

“ఆ పొద్దు వాడు పట్టుకోకుంటే నా కొడుకు గూడా లేడు. నాకు తెలీదనుకుంటివా?” అంది అమ్మ. “వాన్ని చూస్తే ఆ మెట్లే అగపడతాయి. నువ్వే ఇచ్చి రాపో.”

ఇచ్చాను. ఆయన మెల్లగా తిని, చేయి కడుక్కుని, “వదిన తినిందా?” అని అడిగాడు. తినింది అన్నాను. అబద్ధం. ఆయన తిన్న పళ్లెం వంటింటికి తిరిగి వచ్చేదాకా అమ్మ ఏ రోజూ తినలేదు.